మైకాసురుడి ఖాళీ కడుపు

పెళ్లానికి తెలియకుండా ఏదైనా చేయదలచిన మొగుడు ముందుగా తన మొహాన్ని అదుపులో పెట్టుకోవాలి. మన మైకాసురుడికి ఆ విద్య అబ్బలేదు. అబద్ధం ఆడబోయే ముందు ఆయనకి చెవులు ఎర్రబడతాయి, ఆడుతుండగా కుడి కనుబొమ్మ పైకి లేస్తుంది, ఆడేశాక దాహం వేస్తుంది. ఇన్ని లక్షణాలు పెట్టుకుని కూడా ఆయన తన జీవితంలో పెద్ద ఎత్తు వేయడానికి సిద్ధపడ్డాడంటే, కారణం కాఫీ.

మైకాసురుడంటే నిజంగా అసురుడేమీ కాదు. బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పే ఉద్యోగి. ఆ పేరు డ్రైవర్లు పెట్టింది. ఆయన నోరు విప్పితే బెంచీల మీద నిద్రపోతున్నవాళ్లు లేచి, తమది కాని బస్సు కూడా ఎక్కేసేవారు. తన గొంతు వినడానికే కొందరు కావాలని బస్సు వదులుకుంటారని ఆయన చెప్పుకునేవాడు. అది చెప్పేటప్పుడు కూడా కనుబొమ్మ లేచేది.

అలాంటి గొంతు కొంతకాలంగా బొంగురుపోయింది. మాట నెమ్మదించింది. ఆయన "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి రేవు బస్సు పేరు దగ్గరికి వచ్చేసరికి, ఆ బస్సు సగం దూరం పోయి రేవు గాలి పీల్చుకునేది. పైగా ఎప్పుడూ చలి, ఎప్పుడూ నిద్ర. తిండి పెరగకపోయినా ఒళ్లు మాత్రం వచ్చేసింది. చొక్కా గుండీలు రెండుసార్లు జరిపి కుట్టిన భార్య, మూడోసారి కుట్టకుండా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

భార్యది టైలరు పని. బస్టాండు ఎదురుగానే కుట్టుమిషను పెట్టుకుని దుకాణం నడుపుతుంది. మనిషి గుమ్మంలోకి రాగానే టేపు అక్కర్లేకుండా కొలతలు చెప్పేయగలదు. అంతటి కళ్లున్న మనిషిని మోసం చేద్దామనుకోవడంలోనే మైకాసురుడి తెలివి ఏపాటిదో తెలిసిపోతుంది.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, థైరాయిడ్ హార్మోను బాగా తగ్గిందని చెప్పింది.

"పొద్దున్నే లేవగానే ఖాళీ కడుపుతో ఈ మాత్ర. మంచినీళ్లతో. తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు, తాగకూడదు."

"కాఫీ తినేదీ కాదు, మరీ తాగేదీ కాదు కదండీ. అలవాటు," అన్నాడు మైకాసురుడు.

"ముఖ్యంగా కాఫీ. మాత్ర కడుపులో కరగాలి, కరిగింది పేగుల్లోంచి రక్తంలోకి చేరాలి. వెనకాలే కాఫీ పోశారనుకోండి, మందు సరిగ్గా ఒంటికి పట్టదు. కాల్షియం బిళ్లలు, ఐరన్ బిళ్లలు ఉంటే అవి కూడా చాలా గంటలు ఆగాకే."

జబ్బు పేరు విన్నప్పుడు చలించని మనిషి, ఈ మాటకి కుర్చీలోనే నీరుగారిపోయాడు. ఆయనకి కళ్లు తెరవడానికే కాఫీ కావాలి. కాఫీ తాగాక తాగినందుకు ఇంకో కాఫీ కావాలి.

మర్నాటినుంచి భార్య ఎదురుగా బుద్ధిగా మాత్ర మింగి, ఆరోగ్యం కోసమంటూ నడకకి బయల్దేరేవాడు. ఆ నడక వీధి చివర మలుపు తిరిగి, బస్టాండు గోడ వెంట సాగి, కాఫీ కొట్టు ముందు ముగిసేది. ఆ కొట్టువాడిని అందరూ నురగయ్య అంటారు. అతని కప్పులో పైసగం నురగే. కింది సగంలో కాఫీ ఉంటుందని నమ్మకం.

నెలలు గడిచినా పరీక్షలో మార్పు లేదు. డాక్టరమ్మ మోతాదు పెంచింది. గొంతు అక్కడే ఉంది. మళ్లీ పెంచింది. గొంతు అక్కడినుంచి కూడా కొంచెం వెనక్కి జరిగింది. డాక్టరమ్మ పుస్తకాలు తిరగేసింది. భార్య మాత్రం మొగుడి మొహం ఒకసారి తిరగేసింది.

"ఏమండీ, నడకకి వెళ్లేటప్పుడు మీ మీసం నల్లగా ఉంది కదూ."

"ఎప్పుడూ నల్లదేగా."

"వచ్చేటప్పటికి అంచు తెల్లబడిందేం?"

"మంచు పడుతోంది బయట."

"మంచుకి చక్కెర కూడా వేస్తున్నారా?" అని ఆవిడ చీర కొంగుతో మీసం మీది నురగ తుడిచింది. మైకాసురుడు మంచినీళ్లు అడిగాడు.

సరిగ్గా ఆ వారమే డిపో మేనేజరు పిలిపించాడు. మంచివాడే, కానీ మంచి మాట చెప్పేటప్పుడు కూడా శవం దగ్గర కూర్చున్నట్టు మాట్లాడతాడు. ఇది చెడ్డ మాట కాబట్టి ఇంకాస్త గొంతు తగ్గించాడు.

"మీ అనౌన్స్‌మెంట్లు ఎవరికీ వినపడటం లేదట. వచ్చే నెల ఒకతను రికార్డు పెట్టె తెచ్చి బిగించి చూపిస్తాడు. దానంతటదే మాట్లాడుతుందట. ఆ రోజుకి మీ గొంతు బాగుంటే మైకు మీది. లేకపోతే పెట్టెది."

"మరి నేనెక్కడికి పోవాలండీ?"

"పోయిన సామాన్ల గదికి."

ఆ గది మైకాసురుడికి తెలుసు. బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు, ఒంటి చెప్పులు, ఒక పాత తబలా ఉంటాయి. వాటితో ఏం మాట్లాడాలి? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నోరు మూసుకోని మనిషి, గొడుగుల మధ్య నోరు మూసుకుని రిటైరవ్వాలి. ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు. ఇంత బెంగలోనూ కాఫీ మానేద్దామని మాత్రం తోచలేదు.

డాక్టరమ్మ భార్య చెప్పిన కాఫీ కథంతా విని, మాత్ర మార్చి ద్రవంగా ఉండే మందు రాసింది. "మాత్రలా ఇది కరగాల్సిన పని లేదు, ముందే కరిగి ఉంటుంది. మీలాంటి కడుపులకి తేలిగ్గా పడుతుంది," అంది. మందుల కొట్టాయన ఇంకాస్త వివరంగా చెప్పాడు. ద్రవం మందుల్లో కొన్నింటిని కాఫీ అంతగా ఆపలేదని ఎక్కడో పరీక్షలు చేశారనీ, అయినా మందు మందుకీ తేడా ఉంటుంది కాబట్టి డాక్టరు చెప్పినట్టే ఖాళీ కడుపుతో వేసుకోవాలనీ అన్నాడు.

మైకాసురుడి చెవులు "కాఫీ అంతగా ఆపలేదు" దగ్గర తెరుచుకుని, "అయినా" దగ్గర మూసుకున్నాయి.

ఇంటికి వచ్చే దారిలోనే ఎత్తు తయారైపోయింది. మందు ద్రవం. కాఫీ ద్రవం. ఇద్దరూ ఒకే కులం వాళ్లు, ఒకే దారిన పోతారు. ఒకరికొకరు తోడు కూడా. ఇంక గంటసేపు ఎవరి కోసం కూర్చోవాలి? మందుని కాఫీలో కలిపేసి ఒక్క గుక్కలో తాగేస్తే సరి. ఇంతమంది డాక్టర్లకి ఇది తోచకపోవడం చూసి ఆయనకి వైద్యశాస్త్రం మీద జాలేసింది.

ఇంక భార్యని ఒప్పించాలి.

"ఏమోయ్, పొద్దున్నే షిఫ్టు కదా, హడావుడిలో మందు వేసుకుంటే ఒంటికి పట్టదు. చిన్న సీసాలో మోతాదు పోసి ఇచ్చెయ్. బస్టాండుకి వెళ్లగానే వేసుకుని, గంట ఆగి, ఫ్లాస్కులో కాఫీ తాగుతాను." చెవులు రెండూ టమాటాల్లా ఉన్నాయి.

భార్య కొలత తీసినట్టు ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "అలాగేనండి," అంది.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ ఒక్క మాటకే "అలాగే" అన్నది అదే మొదటిసారి. బుద్ధున్న మొగుడైతే అక్కడే భయపడేవాడు. మైకాసురుడు ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్లాడు.

ఆ రోజునుంచి ఇంట్లో ఇంకొన్ని మార్పులు వచ్చాయి. రాత్రి భోజనం బాగా ముందుకి జరిగింది. చీకటి పడకుండానే కంచం ముందుకొస్తే ఆయన గొణిగాడు.

"ఇది రాత్రి భోజనమా, మధ్యాహ్నం భోజనం ఆలస్యంగా వచ్చిందా?"

"తొందరగా తింటే గొంతుకి మంచిది."

పడుకునే ముందు తాగే పాలు బంద్ అయ్యాయి. అడిగితే పాలు కూడా గొంతుకి మంచివి కావంది. వాటి బదులు పక్క ఎక్కే ముందు ఒక చెంచాడు గొంతు మందు వచ్చింది. తనకి అక్కర్లేని చోట పంతం పట్టే అలవాటు మైకాసురుడికి లేదు. రాత్రిపూట ఆయన కాఫీ తాగడు కాబట్టి, నోరు తెరిచి గొంతు మందు మింగి పడుకునేవాడు. అసలు యుద్ధం పొద్దున్న కదా.

పొద్దున్నే వీధి మలుపు తిరగగానే చిన్న సీసా మూత తీసి, ఫ్లాస్కులో ఒంపి, రెండు ఊపులు ఊపి, అక్కడే ఒక కప్పు తాగేవాడు. మందుకి రంగూ లేదు, రుచీ లేదు. ఖరీదైన మందులకి అవి ఉండవని ఆయనకి ఆయనే సర్దిచెప్పుకున్నాడు.

ఆశ్చర్యంగా, గొంతు తిరిగి రావడం మొదలైంది. ముందు బొంగురు తగ్గింది. తర్వాత నిద్రమత్తు వదిలింది. చలి పోయింది. మెల్లగా బస్సులు ఆయన అనౌన్స్‌మెంటు పూర్తయ్యాకే కదలసాగాయి. మైకాసురుడి గర్వానికి పగ్గాల్లేవు. ఎంక్వైరీ కౌంటరులో కూర్చునే సహోద్యోగికి, అసలు రహస్యం బయటపెట్టకుండా, తన సిద్ధాంతం సగం చెప్పాడు.

"శాస్త్రం అంటే పుస్తకాల్లో ఉండేది కాదు గురూ. ఒంటిమీద చేసి చూడాలి."

"దేని గురించి?"

"అది చెప్పకూడదు."

ఆ సహోద్యోగిని బస్టాండంతా తథాస్తు అంటారు. ఎవరైనా ఒక జబ్బు పేరు చెబితే చాలు, అది వెంటనే అతనికి వచ్చేస్తుంది. ఒకసారి ఎవరో పశువుల గాలికుంటు గురించి మాట్లాడుతుంటే కూడా ఇతను కుంటుకుంటూ ఇంటికి వెళ్లాడు.

చివరికి పెట్టె వచ్చే రోజు రానే వచ్చింది.

పెట్టె మనిషి మెరిసే చొక్కా వేసుకుని వచ్చి, మైకు గదిలో బల్ల మీద పెట్టె పెట్టి మీట నొక్కాడు. "దయచేసి గమనించండి" అంటూ ఒక ఆడగొంతు తేనెలా పలికింది. ఎంత తియ్యగా ఉందంటే ఆ మాట విని ఒక్కడూ తల తిప్పలేదు. డిపో మేనేజరు మాత్రం తల ఊపాడు. మైకాసురుడి గుండె గొడుగుల గదిలోకి జారింది.

"మీరు కూడా మధ్యాహ్నం బస్సులు చెప్పండి, విని నిర్ణయిస్తాను," అన్నాడు మేనేజరు. పెట్టె మనిషిని వెంటబెట్టుకుని పక్కనున్న ఎంక్వైరీ గదిలోకి వెళ్లాడు. రెండు గదులకీ మధ్య పెద్ద అద్దం. అవతల మనుషులు కనిపిస్తారు, మాట వినపడదు.

మైకాసురుడు గొంతు సవరించుకుని, మీట వేసి, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ తలెత్తాడు.

అద్దం అవతల, తథాస్తు చేతిలో, పొద్దున్న తను అక్కడే మర్చిపోయి వచ్చిన ఫ్లాస్కు ఉంది.

అతిథికి మర్యాద చేయమని మేనేజరు చెప్పినట్టున్నాడు. తథాస్తు మూడు కప్పుల్లో పోశాడు. తన కప్పు తను ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. మేనేజరు సగం తాగాడు. పెట్టె మనిషి కప్పుని పెదవుల దగ్గరికి తెస్తున్నాడు.

ఆ ఉదయం కంగారులో మైకాసురుడు ఒక కప్పు కూడా తాగలేదు. ఆ రోజు మోతాదంతా ఆ ఫ్లాస్కులోనే ఉంది. ఆరోగ్యంగా ఉన్న ముగ్గురు మనుషులు తన మందు తాగేస్తున్నారు. అందులో ఒకరు తన ఉద్యోగం తేల్చాల్సిన మనిషి. మైకాసురుడు కుర్చీలోంచి లేచాడు. అద్దం మీద దబదబా బాదాడు. మేనేజరు దాన్ని నమస్కారం అనుకుని చెయ్యి ఊపాడు.

అప్పుడు అరిచాడు మైకాసురుడు. అరిచింది మైకులోకి.

"ఆ కాఫీ తాగకండి. ఎవరూ తాగకండి. కప్పులు కింద పెట్టేయండి. అందులో మందు కలిపి ఉంది."

కొన్ని నెలలుగా దాచిపెట్టుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది. బస్టాండు కప్పు అదిరింది. ఆఖరి ప్లాట్‌ఫారం అవతల నిద్రపోతున్న డ్రైవరు లేచి బ్రేకు మీద కాలు వేశాడు.

నురగయ్య కొట్టు ముందు అప్పుడు పాతికమంది చేతుల్లో కప్పులున్నాయి. పాతిక కప్పులూ నేల మీద పడ్డాయి. నోట్లో కాఫీ ఉన్నవాళ్లు ఎదుటివాడి చొక్కా మీద ఉమ్మేశారు. ఒక కండక్టరు వేలు గొంతులో పెట్టుకున్నాడు. ఒక పెద్దాయన తను తాగింది టీ అని గుర్తొచ్చి, అయినా ఎందుకైనా మంచిదని కూలబడ్డాడు. రేవు బస్సు ఎక్కాల్సినవాళ్లు కొండ బస్సు ఎక్కి దాక్కున్నారు.

ఎంక్వైరీ గదిలో తథాస్తు అప్పటికే నేల మీద ఉన్నాడు.

"ఏం మందు అది?" అన్నాడు మేనేజరు కప్పు దూరంగా జరుపుతూ. మొదటిసారి ఆయన గొంతు పెద్దగా వినిపించింది.

మైకాసురుడు పరిగెత్తుకొచ్చాడు. "థైరాయిడ్ మందండీ. నాది."

"నా గుండె గెంతుతోంది," అన్నాడు తథాస్తు. "మెడ కూడా ఉబ్బుతోంది. చూడండి, చొక్కా బిగిసిపోయింది. చలేస్తోంది. కాదు, ఉడుకుతోంది. రెండూ వేస్తున్నాయి."

ఈలోగా నురగయ్య గరిటె పట్టుకుని వచ్చాడు. "నా కాఫీలో మందేవుంది? ఆ మైకు మనిషెక్కడ? నా కొట్టు ముంచేశాడు, నేనివాళ ఇతన్ని ముంచుతాను."

అతని వెనకే మెడలో టేపు, జడలో గుచ్చిన సూది, చేతిలో సగం కుట్టిన రవిక చెయ్యితో భార్య వచ్చింది. ఎదురు దుకాణంలో ఆవిడకి ప్రతి మాటా వినపడింది. ఫ్లాస్కు తీసి కప్పు నిండా పోసుకుంది. నిలబడి, నిదానంగా, చివరిదాకా తాగింది.

"ఏమోయ్, నీకు మతి పోయిందా," అన్నాడు మైకాసురుడు. ఈసారి ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. "అందులో మందుంది."

"లేదండి. చక్కెర కొంచెం తక్కువైంది, అంతే."

"నేనే కలిపాను పొద్దున్న. నువ్విచ్చిన సీసా."

"నేనిచ్చిన సీసాలో మంచినీళ్లు."

నేలమీద తథాస్తు చొక్కా గుండీ పెట్టుకున్నాడు. మెడ ఉబ్బకపోయినందుకు కాస్త నిరాశ పడ్డట్టు కనిపించాడు.

"ఎప్పట్నించి నీళ్లు?" అన్నాడు మైకాసురుడు.

"మీరు సీసా అడిగిన రోజునించీ."

"మరి నా గొంతు? మంచినీళ్లకి వచ్చిందా?"

"పడుకునే ముందు చెంచాతో పోస్తున్నానుగా. అదే మీ థైరాయిడ్ మందు. డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాను. పొద్దున్న కాఫీ మానడు ఈ మనిషి, వేరే దారేదైనా ఉందా అని. రాత్రి తొందరగా అన్నం పెట్టేసి, మూడు నాలుగు గంటలు ఏమీ ఇవ్వకుండా, పడుకునే ముందు వేసినా ఒంటికి పడుతుందన్నారు. కడుపు ఖాళీగా ఉండాలి, వెనకాల కాఫీ పడకూడదు, అంతేనట. రాత్రయితే మీకు ఆ రెండూ కుదురుతాయి."

"అంటే నేను రోజూ అంత కష్టపడి, మలుపులో దాక్కుని..."

"నీళ్లలో కాఫీ కలుపుకుని తాగారు. పాపం, వెనకాలే మలుపు దాకా వచ్చి చూస్తూనే ఉన్నాను."

పెట్టె మనిషి ఆపుకోలేక నవ్వాడు. మేనేజరు కూడా నవ్వబోయి, అలవాటు లేక దగ్గాడు.

మైకాసురుడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు చిన్నగా.

"చెబితే వినే మనిషైతే అన్ని మాత్రలు వృథా అయ్యేవా?" అంది భార్య. తర్వాత ఆవిడ గొంతు కూడా కొంచెం తగ్గింది. "నేను రోజంతా మిషను తొక్కేది మీ గొంతు వింటూనే. అది వినపడటం మానేశాక నాకు కుట్టు తప్పిపోయేది. భయమేసిందండీ. ఉద్యోగం సంగతి తర్వాత, మీకేమవుతుందోనని భయమేసింది."

మైకాసురుడికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. రెండింటికీ కలిపి చెవులు ఎర్రబడ్డాయి.

"పైగా ఉద్యోగం పోతే రోజంతా మీరు నా దుకాణంలో కూర్చుంటారు," అంది ఆవిడ వెంటనే. "దానికంటే రాత్రిపూట వంట తొందరగా చేయడమే నయం."

మేనేజరు పెట్టె వైపు చూశాడు, మైకాసురుడి వైపు చూశాడు, కిటికీలోంచి నేల మీద పడ్డ కప్పుల వైపు చూశాడు.

"మీ పెట్టె చెప్తే జనం కప్పులు కింద పెడతారా?" అని అడిగాడు.

పెట్టె మనిషి నిజాయితీపరుడు. "ఇంత కంగారు మా పెట్టెలో లేదండి," అని తీగలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

మైకు మైకాసురుడికే ఉండిపోయింది. కానీ నురగయ్య గుమ్మంలోంచి కదల్లేదు. బస్టాండు మొత్తం వినేలా తన కాఫీ పేరు చెడింది కాబట్టి, బస్టాండు మొత్తం వినేలా బాగుపడాలన్నాడు. మేనేజరు అదే న్యాయమన్నాడు. మైకాసురుడు మైకు ముందు కూర్చున్నాడు. భార్య పక్కన నిలబడింది, మాటలు అందించడానికి.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. నురగయ్య కాఫీలో ఏ మందూ లేదు."

"మీ ఫ్లాస్కులో కూడా లేదని చెప్పండి."

"నా ఫ్లాస్కులో కూడా ఏ మందూ లేదు. అందులో ఉన్నవి..." ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది కూడా చెప్పాలా?"

"ప్రజలకి నిజం తెలియాలి కదండీ."

"అందులో ఉన్నవి మా ఆవిడ పోసిన మంచినీళ్లు. నాకది తెలియదు. ఇకమీదట మా ఆవిడ చెప్పిన వేళకే, చెప్పిన మందే, ఖాళీ కడుపుతో వేసుకుంటానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను."

ఆడవాళ్ల బెంచీల దగ్గరినుంచి చప్పట్లు వినిపించాయి. మైకాసురుడు చెమట తుడుచుకుని మీట మీద చెయ్యి వేశాడు. భార్య ఆ చెయ్యి పట్టుకుంది.

"గొంతు బాగుందండీ," అంది మెల్లగా.

ఆయన మొహం చేటంతైంది. "నిజంగానా?"

"నిజంగా. ఇంకోసారి చెప్పండి. రేవు బస్సువాళ్లు కొండ బస్సులోంచి ఇప్పుడే దిగారు."

ఆ బస్టాండులో ఏ అనౌన్స్‌మెంటైనా రెండుసార్లు చెప్పాలన్నది నియమం. మైకాసురుడు గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు.